గేటు తీసేసిన చోట పట్టాలు దాటే మా ఆయనకి ఎలా చెప్పాలి?

ప్రశ్న: మా ఊరికీ మెయిన్ రోడ్డుకీ మధ్య రైల్వే లైను ఉంది. ఇదివరకు అక్కడ గేట్‌మ్యాన్ లేని క్రాసింగ్ ఉండేది. కొన్నేళ్ల కింద దాన్ని మూసేసి, కొంచెం అవతల అండర్ బ్రిడ్జి కట్టారు. వాన పడితే అందులో నడుంలోతు నీళ్లు నిలుస్తాయి, రెండు మూడు రోజులు దిగవు. అప్పుడు ఊళ్లో వాళ్లంతా పాత గేటు ఉన్నచోటే పట్టాల మీదుగా బండ్లు దాటిస్తారు. మా ఆయన కూడా మూడో తరగతి చదివే మా పాపని స్కూటీ మీద అలాగే తీసుకెళ్తున్నారు. వద్దంటే "చిన్నప్పటి నుంచీ దాటుతున్నా, రెండు పక్కలా చూసే దాటుతా, నీకన్నీ భయాలే" అంటారు. మా అత్తయ్య కూడా ఆయన పక్షమే. ఆయన ఊళ్లో లేనప్పుడు పాప ఆటోలో వెళ్తుంది. ఆ ఆటో అతను పిల్లలందర్నీ ఇవతల దింపి, పట్టాల మీదుగా నడిపించి, అవతల ఇంకో ఆటో ఎక్కిస్తాడు. ఇంట్లో గొడవ కాకుండా దీన్ని ఎలా ఆపాలి? వాన పడ్డ రోజుల్లో బడి మాన్పించాలా? మీరు రైల్వేలో పనిచేశారు కాబట్టి మీకే రాస్తున్నాను. మా ఊరి పేరు వేయకండి.

జవాబు:

అమ్మా, మీవి ఉత్త భయాలు కావు. పట్టాల పని చూసి రిటైరైన వాణ్ణి కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను, మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పుట్టించింది మీ ఆయన మొండితనం కాదు, "రెండు పక్కలా చూసే దాటుతా" అన్న మాట. ఆయన అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే చూస్తారు, చూశానన్న ధైర్యంతోనే పాపని ఎక్కించుకుని దాటిస్తారు. ఆ చోట చూడటం ఎందుకు సరిపోదో ఆయనకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పి ఉండరు, నేను చెప్తాను, మీరు ఈ జవాబు ఆయన ముందు పెట్టండి. గొడవేదైనా ఉంటే నాతో పెట్టుకోమనండి.

ముందు ఆ గేటు ఎందుకు తీసేశారో తెలియాలి. 2014 జూలై 24న, పొద్దున బడి వేళ, మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని క్రాసింగ్‌లో స్కూలు బస్సుని ప్యాసింజర్ రైలు గుద్దింది. పదిహేను మందికి పైగా చనిపోయారు, దాదాపు అందరూ పిల్లలే. మన తెలుగు ఇళ్లలో ఆ రోజు టీవీ చూసిన ఏ తల్లీ మర్చిపోయి ఉండదు. అంతకు రెండేళ్ల ముందే, 2012లో, రైళ్ల భద్రత మీద వేసిన అనిల్ కాకోద్కర్ కమిటీ దేశంలో ఉన్న లెవెల్ క్రాసింగులన్నిటినీ ఐదేళ్లలో ఎత్తేయాలని రాసింది. రాసింది కానీ పని నత్తనడక నడిచింది. 2018 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్‌లో కుశీనగర్ దగ్గర స్కూలు వ్యాను, పదముగ్గురు పిల్లలు, మళ్లీ కాపలా లేని క్రాసింగే. ఆ తర్వాతే పనులు ఊపందుకుని, 2019 జనవరి చివరికల్లా బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని క్రాసింగ్ ఒక్కటీ లేకుండా చేశామని రైల్వే ప్రకటించింది. కొన్నిచోట్ల గేట్‌మ్యాన్‌ని పెట్టారు, కొన్ని గేట్లని పక్క గేటుతో కలిపేశారు, మిగతా చోట్ల మీ ఊళ్లోలా కింద నుంచి దారి తవ్వారు.

నిర్ణయం మంచిదే, దాన్ని నేను తప్పు పట్టను. కాకపోతే కాగితం మీద పోయిన క్రాసింగ్ వాన పడ్డ రోజు మీ ఊళ్లో మళ్లీ పుడుతోంది, అదీ ఇదివరకటి కంటే పాడు రూపంలో. ఇదే మీ ఆయనకి ఎక్కాల్సిన విషయం. చిన్నప్పటి నుంచీ ఆయన దాటిన చోటు, ఇప్పుడు దాటుతున్న చోటు ఒకటి కావు.

పాత క్రాసింగ్ ఉన్న రోజుల్లో దానికి 600 మీటర్ల ముందు పట్టాల పక్కన 'డబ్ల్యూ/ఎల్' అని రాసిన పసుపు బోర్డు ఉండేది. అది కనబడగానే ఇంజన్ డ్రైవరు హారన్ కొట్టాలి, ఆ క్రాసింగ్ దాటేదాకా కొడుతూనే రావాలి. రోడ్డు వైపు ఆగమని బోర్డు, స్పీడ్ బ్రేకరు, పట్టాల మధ్య ఎగుడు దిగుడు లేకుండా రోడ్డు, ఇవన్నీ ఉండేవి. క్రాసింగ్ మూసేశాక అవన్నీ పీకేస్తారు. ఇప్పుడు అక్కడ హారన్ కొట్టాల్సిన పనే లేదు డ్రైవరుకి. ఆయన లెక్కలో అది ఊరూ పేరూ లేని మామూలు ట్రాకు, అక్కడ స్కూటీ ఎదురవుతుందని ఆయన అనుకోడు. ఎదురైనా చేయగలిగింది తక్కువే, నూటపది వేగంలో ఉన్న రైలుకి ఎమర్జెన్సీ బ్రేకు వేసినా ఆగేటప్పటికి కిలోమీటరు దగ్గర దగ్గర జారిపోతుంది.

ఇక పట్టా సంగతి. పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మెని స్లీపరు అంటారు, దాని మీద పట్టా ఎత్తు దాదాపు 17 సెంటీమీటర్లు. స్కూటీ అడుగుభాగం నేల నుంచి సుమారుగా అంతే ఎత్తులో ఉంటుంది. ముందు చక్రం పట్టా ఎక్కి అవతలికి దిగగానే బండి పొట్ట పట్టాకి తగిలి, వెనక చక్రం కంకరలో గిర్రున తిరుగుతుంది తప్ప ముందుకు రాదు. అందుకే మీ ఊళ్లో వాళ్లు పట్టాకి ఇటూ అటూ రాళ్లు, పాత స్లీపరు ముక్కలు, మట్టి బస్తాలు పేర్చి ర్యాంపులాగా చేసుకుని ఉంటారు, వెళ్లి చూడండి, పందెం. వానకి ఆ మట్టి జారిపోతుంది. తడిసిన పట్టా మీద టైరు ఏటవాలుగా పడితే బండి పక్కకి కోస్తుంది. పైగా ఆ పేర్చిన రాళ్లలో ఒకటి పట్టా మీదకి దొర్లిందంటే అది రైలుకే ముప్పు, కేసు కూడా వేరేగా ఉంటుంది. పాత క్రాసింగ్‌లో బండి ఆగకుండా దాటిపోయేది, ఇక్కడ నాలుగు పట్టాలు ఒక్కోటి ఎక్కి దిగాలి, పాపని ఎక్కించుకుని, బడి సంచీ ముందు పెట్టుకుని.

ఇప్పుడు "రెండు పక్కలా చూస్తా" సంగతికొద్దాం. నూటపది కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి ముప్ఫై మీటర్లు. నూటముప్ఫై అయితే సెకనుకి 36 మీటర్లు, మెయిన్ లైన్లలో చాలా భాగం ఇప్పుడు ఆ వేగానికి వచ్చేసింది. మీ పాత గేటు దగ్గర సర్కారు తుమ్మ పెరిగి ఉందా? లైను వంపు తిరిగిందా? రైలు మూడు వందల మీటర్ల దూరంలో మాత్రమే కనబడే చోటైతే, కనబడ్డాక పది సెకన్లలో మీ దగ్గర ఉంటుంది, నూటముప్ఫై అయితే ఎనిమిదే. డబుల్ లైను ఇవతలి నుంచి అవతలికి, బండిని కంకర మీద నెట్టుకుంటూ, నాలుగు పట్టాలూ ఎక్కించి దించడానికి ఎంత పడుతుంది? పదిహేను ఇరవై సెకన్లు ఎటూ పోవు, ఎక్కడా తట్టుకోకపోతేనే. అంటే ఆయన చూసినప్పుడు నిజంగానే రైలు ఉండదు. మధ్యలోకి వచ్చాక వస్తుంది.

కంటితో ఇంకో పేచీ ఉంది. పెద్ద వస్తువు మెల్లగా కదులుతున్నట్టు కనబడుతుంది. దిగడానికొచ్చే విమానం ఆకాశంలో పాకుతున్నట్టు ఉండదూ, అలాగ. అమెరికాలో లైబోవిట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1985లోనే ఇది రైలు క్రాసింగులకి అన్వయించి రాశాడు. పైగా పట్టాల దగ్గర నిలబడి చూస్తే రైలు మనకి ఎదురుగా వస్తుంటుంది కాబట్టి అది పక్కకి కదలడం కనబడదు, ఒక దీపం చాలాసేపు అక్కడే ఉన్నట్టు ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా పెద్దదైపోతుంది. "దూరంగానే ఉంది, వెళ్లిపోవచ్చు" అన్న అంచనా అనుభవం ఉన్నవాళ్లకీ తప్పుతుంది. ఇంకా చెప్పాలంటే అనుభవం ఉన్నవాళ్లకే ఆ అంచనా మీద నమ్మకం ఎక్కువ, అదే ముప్పు.

దీన్ని మాటల్లో చెప్తే మీ ఆయన నవ్వేస్తారు, నాకు తెలుసు. ఒక పని చేయండి. ఏదో ఒక ఆదివారం గేట్‌మ్యాన్ ఉన్న దగ్గర్లోని గేటు దగ్గరికి ఇద్దరూ వెళ్లండి. గేటు పడ్డాక, గేటుకి ఇవతలే బాగా వెనగ్గా నిలబడి, రైలు కనబడగానే "ఎన్ని సెకన్లలో వస్తుందో చెప్పండి" అని ఆయన్ని అడగండి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి. రెండు మూడు రైళ్లకి చూడండి. ఆ తర్వాత ఇంటి పక్క ఖాళీ స్థలంలో పదిహేను మీటర్ల పొడవున కంకరో ఇటుకలో పరిచిన చోట, జానెడు ఎత్తు ఇటుక వరసలు నాలుగు అడ్డంగా పెట్టి, పాపని పక్కన నిలబెట్టి ఆయన్నొక్కరినే బండి నెట్టమని అదే స్టాప్‌వాచ్ నొక్కండి. మీరు ఒక్క మాటా అనక్కర్లేదు, రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి ఊరుకోండి. మగవాళ్లకి పెళ్లాం మాట కంటే స్టాప్‌వాచ్ మాట తొందరగా ఎక్కుతుంది, మా ఇంట్లోనూ అంతే.

చెవుల గురించి కూడా. పాతరోజుల్లో పట్టా పట్టాకి మధ్య సందు ఉండేది, రైలు అల్లంత దూరాన ఉండగానే కటకట వినబడేది. ఇప్పుడు పట్టాలని వెల్డింగ్ చేసి కిలోమీటర్ల పొడవున ఒకే ముక్క చేసేశారు, ఆ చప్పుడు పోయింది. డీజిల్ ఇంజన్ల రొద పోయి కరెంటు ఇంజన్లు వచ్చాయి. మీ అత్తయ్యగారు "రైలొస్తే వినబడదా ఏంటి" అంటున్నారేమో, ఆమె చిన్నతనంలో నిజంగానే వినబడేది. ఇప్పుడు గాలి ఎదురు తిరిగితే, దానికి వాన తోడైతే, బండి ఇంజన్ ఆన్‌లో ఉండి నెత్తిన హెల్మెట్ ఉంటే, రైలు మీదకొచ్చేదాకా తెలియదు. పట్టాలు బాగుచేసే గ్యాంగుల్లో పనిచేసే వాళ్లకి అందుకే దూరంగా ఒక మనిషిని జెండా, ఈలతో కాపలా పెడతారు. రోజంతా పట్టాల మీదే బతికేవాళ్లే తమ చెవుల్ని నమ్ముకోరు.

డబుల్ లైను దగ్గర మనుషులు ఎక్కువగా మోసపోయేది రెండో రైలుతో. ఒక రైలు వెళ్లేదాకా ఓపిగ్గా ఆగుతారు, దాని చివరి పెట్టె దాటగానే హమ్మయ్య అని బండి కదుపుతారు. ఆ వెళ్తున్న రైలు చాటున అవతలి లైన్లో ఇంకోటి వస్తుంటుంది, దాని హారన్ ఈ రైలు రొదలో కలిసిపోతుంది. కాజీపేట, విజయవాడ మధ్య లాగా మూడో లైను పడుతున్న చోట్ల ఇంకా కష్టం, రెండు లైన్లకి అలవాటుపడ్డ కళ్లు మూడోదాన్ని లెక్కలోకి తీసుకోవు. "ఈ టైముకి రైళ్లేవీ లేవు" అన్న మాట ఊళ్లల్లో తరచూ వింటుంటాను. గూడ్సుకి టైమేమిటి? స్పెషల్ రైళ్లు, లేటైన రైళ్లు, పెట్టెలు లేకుండా ఒంటరిగా పరిగెత్తే ఇంజన్లు, కరెంటు వైర్లు బాగుచేసే టవర్ వ్యాగన్లు, వీటిలో ఏదీ మీ ఊరివాళ్లకి చెప్పి రాదు.

చట్టం గురించి మీరు అడగలేదు, అయినా ఒక ముక్క. క్రాసింగ్ మూసేశాక అక్కడ దాటడం రైల్వే చట్టం సెక్షన్ 147 కింద అతిక్రమణ, జరిమానా, జైలు రెండూ రాసి ఉన్నాయి. జరగరానిది జరిగితే రైలు ప్రయాణికులకి వచ్చే పరిహారం పట్టాలు దాటేవాళ్లకి రాదు. దీన్ని మీ ఆయన్ని బెదిరించడానికి వాడకండి, పని చేయదు. ఊరి మీటింగులో మాత్రం పనికొస్తుంది.

ఆయనతో మాట్లాడేటప్పుడు "మీకేమన్నా అయితే నా గతేంటి" దారిలో వెళ్లొద్దు. అది ఆయన ధైర్యానికి పరీక్ష అయిపోతుంది, మగాడు ఇంకా బిగుసుకుంటాడు. ఆయన గురించి కాదు, పాప గురించి మాట్లాడండి. పాప ఇప్పుడు మూడో తరగతి, ఇంకో రెండు మూడేళ్లలో సైకిల్ అడుగుతుంది. నాన్న ఎక్కడ దాటాడో అక్కడే దాటుతుంది, నాన్నంత జాగ్రత్తగా చూడదు, పక్కన ఫ్రెండ్స్ ఉంటారు, కబుర్లుంటాయి. "మీరు దాటగలరు సరే, రేపు అది ఒక్కతే దాటితే మీకు ఓకేనా?" అని అడిగి చూడండి. అత్తయ్యగారిని కూడా ఆ మాట ఆడేటప్పుడు పక్కనే ఉంచండి. మనవరాలి మాట వచ్చేసరికి ఆమె ఎటు మొగ్గుతుందో చూద్దాం.

ఆటో అతని సంగతికొస్తే, నాకు మీ ఆయన స్కూటీ కంటే అదే ఎక్కువ భయం. పది మంది చిన్నపిల్లలు, ఒక్క మనిషి. ముందున్న నలుగురు దాటేసరికి వెనకున్న ఇద్దరు కంకర రాళ్లు ఏరుకుంటూ ఉంటారు, ఒకడి చెప్పు పట్టా సందులో ఇరుక్కుంటుంది, దాని కోసం వెనక్కి వంగుతాడు. పిల్లల సంగతి తెలిసిన మీకు నేను వేరే చెప్పాలా. అతనితో ఒంటరిగా మాట్లాడితే "అందరూ ఒప్పుకున్నారు, మీకే ఇబ్బంది" అంటాడు. కాబట్టి ఆ ఆటోలో వెళ్లే మిగతా పిల్లల అమ్మలతో ముందు మాట్లాడి, కలిసి వెళ్లండి. అతని కష్టం కూడా వినండి. చుట్టు తిరిగి వెళ్తే పెట్రోలు ఎక్కువవుతుంది, రెండో ట్రిప్పు పోతుంది, అందుకే ఇలా చేస్తున్నాడు, పిల్లల మీద కోపమేం కాదు. వాన రోజుల్లో చుట్టుదారి ఖర్చు అందరం తలా కొంత వేసుకుంటాం, పట్టాలు మాత్రం నడిపించొద్దు అని తేల్చి చెప్పండి. ఒప్పుకోకపోతే స్కూల్లో హెడ్‌మాస్టరుకి కాగితం రాసివ్వండి, నోటిమాట కాదు, కాగితం. కాగితం చేతిలో పడ్డాక ఏ స్కూలూ దులుపుకుని కూర్చోలేదు.

ఇంత చెప్పాక కూడా, అండర్ బ్రిడ్జిలో నీళ్లు ఉన్నంతకాలం మీ ఊరు పట్టాలెక్కుతూనే ఉంటుంది. మనుషుల్ని తిట్టి లాభం లేదు, దారి లేకపోతే వాళ్లు మాత్రం ఏం చేస్తారు. అందుకని మీ ఓపిక అంతా దీని మీద పెట్టమంటాను. ఒక హెచ్చరిక మాత్రం, ఆ నీళ్లలోకీ దిగొద్దు. 2022 జూలైలో మహబూబ్‌నగర్ జిల్లాలో ఇలాంటి రైల్వే అండర్ బ్రిడ్జి నీళ్లలోనే స్కూలు బస్సు చిక్కుకుంటే స్థానికులు పిల్లల్ని ఒక్కొక్కర్ని బయటికి తీశారు.

ఈ నీళ్ల గోల తీరకపోవడానికి మామూలు కారణం, రైల్వే వాళ్లు "రోడ్డు మాది కాదు" అంటారు, పంచాయతీ, ఆర్ అండ్ బీ వాళ్లు "బ్రిడ్జి మాది కాదు" అంటారు. ఒకే అర్జీ రెండు కాపీలు చేసి ఒకటి డివిజినల్ రైల్వే మేనేజర్ ఆఫీసుకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, రెండోది తెలంగాణలో అయితే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో, ఆంధ్రలో అయితే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రశీదు తీసుకోండి. రెండు కాపీల్లోనూ "ఇదే అర్జీ వారికి కూడా ఇచ్చాం" అని రాయండి. అప్పుడు ఒకరి మీద ఒకరు నెట్టుకోవడం కొంచెం కష్టమవుతుంది.

అర్జీలో "మా ఊరి దగ్గర అండర్ బ్రిడ్జి" అని రాస్తే అది ఏ టేబుల్ మీదకీ చేరదు. రైల్వేలో ఊరి పేరు కంటే కిలోమీటరు నంబరే చిరునామా. అండర్ బ్రిడ్జి గోడ మీద పెయింట్‌తో బ్రిడ్జి నంబరు రాసి ఉంటుంది. పట్టాల పక్కన కరెంటు వైర్లు మోసే ఇనుప స్తంభాలు చూశారు కదా, వాటికి చిన్న ప్లేటు ఉంటుంది, దాని మీద పైన ఒక అంకె, కింద ఒక అంకె. పైది కిలోమీటరు, కిందది ఆ కిలోమీటరులో స్తంభం వరస. ఆ రెండూ రాసుకోండి. అందుకోసం పట్టాల మీదకి వెళ్లక్కర్లేదు, రోడ్డు మీద నుంచే ఫోన్ కెమెరా జూమ్ చేస్తే చదవొచ్చు. "ఫలానా స్టేషన్ల మధ్య, కిలోమీటరు ఇంత, స్తంభం ఇంత, బ్రిడ్జి నంబరు ఇంత, ఈ తేదీ నుంచి ఈ తేదీ దాకా ఇంత లోతు నీళ్లు, ఫొటోలు జతచేశాం" అని రాయండి. లోతు అంటే గోడ మీద ఒక గీత గీసి, పక్కన స్కేలో కర్రో పెట్టి ఫొటో తీయండి. పాత గేటు దగ్గర పిల్లలు దాటుతున్న సంగతి కూడా రాయండి, దాని కిలోమీటరు నంబరుతో సహా. ప్రాణాలకి ముప్పుందని రాతపూర్వకంగా తెలిసాక పక్కన పెట్టడానికి ఏ అధికారికైనా చెయ్యి వణుకుతుంది.

ఏం అడగాలో కూడా స్పష్టంగా అడగండి. వాన నీళ్లు లోపలికి రాకుండా రెండు వైపులా దిగుడు రోడ్డు మీద రేకుల కప్పు, దిగుడు మొదలయ్యే చోట చిన్న మిట్ట, అడ్డంగా జాలీ వేసిన కాలువ, అడుగున సంపు, దానికి మోటారు, ఆ మోటారు నడిపే మనిషెవరో, కరెంటు బిల్లు ఎవరు కడతారో. ఈ చివరి రెండే అసలు కిటుకు. మోటారు ఉండి, నడిపే దిక్కులేక తుప్పు పట్టిన అండర్ బ్రిడ్జిలు ఎన్నో. నెల దాటినా చలనం లేకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు కింద ఈ ఒక్క ప్రశ్నే అడగండి, "ఈ బ్రిడ్జి కింద నీళ్లు తోడే బాధ్యత ఎవరిది?" సర్పంచ్ గారి సంతకం, స్కూలు స్టాంపు, ఓ యాభై మంది తల్లుల సంతకాలు ఉంటే ఎంపీ గారి దగ్గరికి కూడా తీసుకెళ్లండి, రైల్వే జనరల్ మేనేజర్లు ఎంపీలతో మీటింగులు పెడుతుంటారు, ఇలాంటివి అక్కడే కదులుతాయి.

ఈలోగా ఎవరి బండైనా పట్టాల మీద ఇరుక్కుపోతే ఏం చేయాలో మీ ఆయనకీ, ఆటో అతనికీ తెలిసి ఉండాలి. బండి గురించి ఆలోచించొద్దు. పిల్లల్ని, మనుషుల్ని ముందు పట్టాల మీద నుంచి దింపి, పట్టాలకి దూరంగా, రైలు వచ్చే దిక్కుకే ఏటవాలుగా పరిగెత్తించాలి. రైలు పోయే దిక్కుకి పరిగెడితే గుద్దినప్పుడు ఎగిరే బండి ముక్కలు మీదే పడతాయి. తర్వాత 139కి, 112కి ఫోన్, స్తంభం నంబరు చెప్పాలి. ఒకరు పట్టాల పక్కన, పట్టాల మీద కాదు, రైలుకి ఎదురుగా వీలైనంత దూరం వెళ్లి ఎర్ర గుడ్డ ఊపాలి, రాత్రయితే ఫోన్ టార్చి గట్టిగా అటూ ఇటూ ఊపాలి. అలా ఊపితే ప్రమాదమని డ్రైవరు అర్థం చేసుకుంటాడు. అవతలి లైను సంగతి కూడా మర్చిపోవద్దు.

ఇది చదివే మిగతావాళ్ల కోసం ఒక పక్కమాట. కాపలా లేని క్రాసింగులు మెయిన్ లైన్ల మీద పోయాయి కానీ సిమెంటు ఫ్యాక్టరీలకి, థర్మల్ ప్లాంట్లకి, బొగ్గు గనులకి విడిగా వెళ్లే లైన్ల (సైడింగుల) మీద మనిషి లేకుండా రోడ్డు దాటే చోట్లు మీకు తగలొచ్చు. అక్కడ రైలు మెల్లగానే వస్తుంది కానీ చాలాసార్లు ఇంజన్ వెనక ఉండి వ్యాగన్లని ముందుకి నెడుతుంది. అంటే మీ వైపు వచ్చే మొదటి వ్యాగన్‌కి లైటు ఉండదు, హారన్ ఎక్కడో వెనక ఉంటుంది. ఆగి ఉన్న వ్యాగన్ల కింద దూరడం, సందుల్లో నుంచి దాటడం అసలు వద్దు, ఎప్పుడు కుదుపు వస్తుందో తెలియదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 131 ఇలాంటి చోట్ల గురించే. డ్రైవరు బండి ఆపాలి, క్లీనరో కండక్టరో దిగి నడిచి పట్టాల దాకా వెళ్లి రెండు వైపులా చూసి, బండిని తనే ముందుండి దాటించాలి. క్లీనరు లేకపోతే డ్రైవరే దిగి చూడాలి. ఇది సలహా కాదు, చట్టం.

గేట్‌మ్యాన్ ఉన్నచోట కూడా కళ్లు మూసుకుని వెళ్లకండి. 2025 జూలై 8న తమిళనాడులో కడలూరు దగ్గర సెమ్మంకుప్పంలో గేట్‌మ్యాన్ ఉన్న గేటులోనే స్కూలు వ్యానుని రైలు గుద్ది ముగ్గురు విద్యార్థులు పోయారు. అది ఇంటర్‌లాకింగ్ లేని గేటు, అంటే గేటు పడితేనే సిగ్నల్ ఇచ్చే ఏర్పాటు దానికి లేదు, అంతా మనిషి మీదే నడుస్తుంది. గేటు తెరిచి ఉన్నా ఒక్క క్షణం ఆగి, అద్దం దించి, పాటలు కట్టేసి, రెండు వైపులా చూసి వెళ్తే పోయేదేం లేదు. ఇంకోటి, పొలాలకి పైపులు, నిచ్చెనలు, గడ్డి ట్రాక్టర్లు తీసుకెళ్లేవాళ్లు పైన వైరు చూసుకోండి, అందులో 25 వేల వోల్టులు ఉంటాయి, తాకక్కర్లేదు, దగ్గరికెళ్తే చాలు.

ఇక మీరు చివర అడిగినదానికి. వాన పడ్డ రోజుల్లో చుట్టుదారి ఉంటే అరగంట ముందు లేచి ఆ దారినే పంపండి. చుట్టుదారి లేకపోతే, ఉన్నా ఆ దారిలో వాగు పొంగితే, బడి మాన్పించండి, సందేహమే వద్దు. మూడో తరగతి పిల్లకి రెండు రోజుల పాఠాలు పోతే మీరే ఇంట్లో చెప్పుకోవచ్చు. టీచరుకి ముందే ఫోన్ చేసి కారణం ఇదీ అని చెప్పండి, హాజరు రిజిస్టర్లో ఆ కారణం రాయమనండి. వానాకాలం అయ్యేసరికి ఎంత మంది పిల్లలు ఎన్ని రోజులు అండర్ బ్రిడ్జి నీళ్ల వల్ల బడికి రాలేదో ఆ లెక్క స్కూలు దగ్గరే ఉంటుంది, రెండో అర్జీకి అదే జతచేయండి.